మన విశాఖ మీద కాల్చిన ఓడ మీ పోర్ట్స్‌మత్‌లో జైలైంది

ఒరేయ్ శీనూ,

ఎలా ఉన్నావ్రా, చెల్లెమ్మ ఎలా ఉంది, బుడ్డోడికి జలుబు తగ్గిందా? నువ్వు మొన్న ఇంగ్లండ్ నుంచి పంపిన విక్టరీ ఓడ ఫొటోలు చూశాను, పోర్ట్స్‌మత్‌లో మ్యూజియంలా దాచిన ఆ పాత యుద్ధనౌకవి. వాడిని భుజాల మీద ఎక్కించుకుని ఆ పసుపు చారల ఓడ ముందు నిలబడ్డ ఫొటో అమ్మకి కూడా చూపించాను, పిల్లాడు చిక్కిపోయాడు అంది, అది ఎవరిని చూసినా అనే మాటేలే. కానీ ఫొటో కింద నువ్వు రాసిన లైన్ నన్ను వదల్లేదు. "ఈ పోర్ట్స్‌మత్‌కీ మన వైజాగ్‌కీ సముద్రం తప్ప ఇంకేం సంబంధం లేదురా" అన్నావ్ కదా. ఉందిరా. ఒక ఓడ ఉంది. దాని పేరు మారెంగో. మన ఊరి ముందు ఫిరంగులు పేల్చింది, మీ ఊళ్ళో జైలుగా మిగిలింది. వాట్సాప్‌లో చెప్తే సగం చదివి బొటనవేలు పెట్టేసి వదిలేస్తావ్, అందుకే ఉత్తరం రాస్తున్నాను, ఆదివారం మధ్యాహ్నం భోంచేశాక కూర్చుని చదువు.

ముందు మన బీచ్ సంగతి. నా ఉద్యోగం తెలుసు కదా, లాంచీ ఎక్కి బయట లంగరేసిన షిప్పుల దగ్గరకి కాగితాలు పట్టుకెళ్ళడం. ఆ దారిలో డాల్ఫిన్స్ నోస్ దాటి వెనక్కి తిరిగి చూస్తే ఊరు మొత్తం కనపడుతుంది, కొండ, పాత టౌన్ కోట వీధి వైపు ఇళ్ళు, బీచ్ రోడ్డు. ఇప్పుడైతే బ్రేక్‌వాటర్ ఉంది, లోపల హార్బర్ ఉంది, అదంతా 1933 తర్వాత వచ్చిందే. అంతకు ముందు ఇక్కడికొచ్చే ఏ పెద్ద ఓడైనా బయట సముద్రంలోనే లంగరేసుకుని ఊగుతూ ఉండాల్సిందే, సరుకంతా మసులా పడవల్లో కెరటాల మీంచి తేవాల్సిందే. ఆ పడవలకి మేకులు ఉండేవి కావు, పలకల్ని కొబ్బరి తాడుతో కుట్టేవాళ్ళు, కెరటం కొట్టినా పడవ కొంచెం వంగుతుంది గానీ పగలదు. మేకు కొట్టిన పడవైతే ఆ దెబ్బకి జాయింట్ల దగ్గర విడిపోయేది. మీ తాతయ్య మనల్ని ఇసుకలో కూర్చోపెట్టి చెప్పేవాడు కదా, కెరటం విరిగే చోట పడవని అడ్డం తిరగనివ్వకూడదురా అని, ఆ మాట కొంచెం గుర్తు పెట్టుకో, ఇందులో పని ఉంది.

1804 సెప్టెంబర్ 15. ఆ రోజు మన ఊరి ముందు మూడు ఓడలు ఉన్నాయి. ఒకటి సెంచూరియన్ అనే ఇంగ్లీషు వాళ్ళ యుద్ధనౌక, 50 ఫిరంగులది, దానికి తోడుగా వచ్చిన రెండు ఈస్టిండియా కంపెనీ సరుకు ఓడలు, బార్నబీ, ప్రిన్సెస్ షార్లెట్. సెంచూరియన్ కెప్టెన్ జేమ్స్ లిండ్ అప్పుడు ఒడ్డు మీద ఉన్నాడు, ఓడలో ఫిలిప్స్ అనే లెఫ్టినెంట్ ఇంచార్జ్. పొద్దున్నే సౌత్ వైపు నుంచి మూడు తెరచాప ఓడలు కనపడ్డాయి. దగ్గరకొస్తున్నప్పుడు వాటి మీద ఇంగ్లీషు జెండాలే ఉన్నాయట, కానీ ఫిలిప్స్‌కి డౌట్ వచ్చింది. అవి ఫ్రెంచ్ వాళ్ళవి. అట్లాంట్, సెమిల్లాంట్ అనే రెండు ఫ్రిగేట్లు, అంటే కొంచెం చిన్నవి, వేగంగా పోయే యుద్ధనౌకలు, వాటి వెనకాల పెద్దది, మారెంగో, 74 ఫిరంగులు. దాని మీద రేర్ అడ్మిరల్ లినువా ఉన్నాడు. ఒక్క 50 ఫిరంగుల ఓడ మీదకి ఈ ముగ్గురూ వచ్చారన్నమాట.

74 ఫిరంగులు అంటే ఏంటో నీకు ఒక్క ముక్కలో చెప్తాను, ఎందుకంటే నువ్వు విక్టరీలో కింద డెక్ మీద తల వంచుకుని నడిచి వచ్చావు కాబట్టి అర్థం అవుతుంది. ఫ్రెంచ్ వాళ్ళ 74లో కింద వరసలో 28 పెద్ద ఫిరంగులు, 36 పౌన్ల గుండు వేసేవి, ఫ్రెంచ్ పౌను కొంచెం బరువు ఎక్కువ కాబట్టి ఒక్కో గుండు 17 కిలోలు దాటుతుంది. ఇంట్లో గ్యాస్ సిలిండర్ లోపలి గ్యాస్ 14 కిలోలు కదా, దానికన్నా బరువైన ఇనప ముద్ద బంతి సైజులో ఎగురుకుంటూ వచ్చి చెక్కలోకి దిగుతుంది. గుండు తగిలి చచ్చేవాళ్ళే కాదు, అది చీల్చిన చెక్క పేళ్ళు కత్తుల్లా ఎగిరొచ్చి గుచ్చుకుని పోయేవాళ్ళు కూడా చాలామంది. ఈ ఓడలు గీసింది సానే అనే ఫ్రెంచ్ ఇంజినీరు, ఒకే డిజైన్ మీద వంద దాకా కట్టారు, సుమారు 56 మీటర్ల పొడవు, 700 మంది జనం. ఓడ కట్టడంలో ఫ్రెంచ్ వాళ్ళ చేతిని ఇంగ్లీషు వాళ్ళే మెచ్చుకునేవాళ్ళు, పట్టుకున్న ఓడల కొలతలు తీసుకుని అదే షేప్‌లో సొంతంగా కట్టుకునేవాళ్ళు కూడా.

అయితే అంత పెద్ద ఓడకి నీళ్ళలో 7 మీటర్ల లోతు కావాలి. మన ఒడ్డు దగ్గర అంత లోతు ఎక్కడిదిరా. లినువాకి ఈ తీరం కొత్త, అడుగు తగిలితే ఇక లేవదని భయం, అందుకే మారెంగోని మరీ దగ్గరకి తేలేదు. ఆ భయమే సెంచూరియన్‌ని కాపాడింది అని నా గట్టి నమ్మకం. కాల్పులు మొదలయ్యాయి, ఒడ్డు మీదున్న ఫిరంగుల బ్యాటరీ కూడా చేతనైనంత కాల్చింది. ప్రిన్సెస్ షార్లెట్ ఒక్క గుండు కూడా వెయ్యకుండా జెండా దించేసింది. బార్నబీ వాళ్ళు లంగరు తాడు తెంపుకుని ఒడ్డుకి పారిపోదామనుకున్నారు, కెరటాల్లోకి వెళ్ళింది, అంతే, ముక్కలైపోయింది. మీ తాతయ్య చెప్పిన మాట అది. తాడుతో కుట్టిన మసులా పడవ రోజూ దాటే చోట, దేశాలు దాటొచ్చిన ఓకు చెక్క ఓడ దాటలేకపోయింది.

మధ్యలో లిండ్ ఒడ్డు నుంచి పడవేసుకుని, గుండ్లు పడుతుంటే వచ్చి తన ఓడ ఎక్కాడు. సెంచూరియన్ లంగరు తాడు తెగింది, తెరచాపలు, తాళ్ళు పీలికలు, కొట్టుకుపోయి మళ్ళీ లంగరేసింది, మళ్ళీ కాల్చింది. మధ్యాహ్నం దాటేసరికి లినువా విసిగిపోయి ప్రిన్సెస్ షార్లెట్‌ని లాక్కుని వెళ్ళిపోయాడు. సెంచూరియన్‌లో పోయింది ఒక్కడే. నేను లాంచీలో ఆ నీళ్ళ మీంచి వారానికి నాలుగు సార్లు వెళ్తాను, కింద ఎక్కడో బురదలో ఆ ఇనప గుండ్లు పడి ఉంటాయి కదా అనిపిస్తుంది. మన స్కూల్లో ప్లాసీ చెప్పారు, బొబ్బిలి చెప్పారు, ఇది ఒక్కరు కూడా చెప్పలేదు, అది నాకు ఇప్పటికీ బాధే.

ఇప్పుడు మారెంగో సొంత కథ చెప్తాను, అసలు నేను రాద్దామనుకున్నది ఇదే.

అది పుట్టింది ఫ్రాన్స్‌లో, టూలాన్‌లో, 1795 జులైలో నీళ్ళలోకి దించారు. అప్పుడు దాని పేరు మారెంగో కాదు, జాన్ జాక్ రూసో. విప్లవం రోజులు కదా, యుద్ధనౌకకి ఒక ఫిలాసఫర్ పేరు పెట్టుకున్నారు. తర్వాత నెపోలియన్ వచ్చాడు, 1802లో ఆ పేరు తీసేసి, తను 1800లో ఇటలీలో గెలిచిన మారెంగో యుద్ధం పేరు పెట్టారు. ఓడ పేరు చూస్తే చాలు దేశంలో ఎవరి మాట నడుస్తుందో తెలిసిపోతుంది.

1803 మార్చిలో బ్రెస్ట్ నుంచి బయల్దేరింది, పుదుచ్చేరిని మళ్ళీ చేతిలోకి తీసుకోవడానికి జనరల్ డెకాన్‌ని ఎక్కించుకుని. వీళ్ళు దారిలో ఉండగానే అక్కడ యూరప్‌లో మళ్ళీ యుద్ధం మొదలైపోయింది. పుదుచ్చేరి చేరేసరికి పక్కనే కడలూరు దగ్గర ఇంగ్లీషు అడ్మిరల్ రేనియర్ పెద్ద దళంతో కూర్చుని ఉన్నాడు. వెనకాల ఒక చిన్న ఓడ యుద్ధం రాబోతోందన్న కబురు తెస్తే లినువా రాత్రికి రాత్రి చీకట్లో జారుకున్నాడు, తెల్లారి చూస్తే లంగరేసిన చోట నీళ్ళే. అక్కణ్ణుంచి మారిషస్. అప్పట్లో అది ఫ్రెంచ్ వాళ్ళది, దాన్ని ఈల్ ద ఫ్రాన్స్ అనేవాళ్ళు. ఆ ద్వీపమే వీడికి ఇల్లు, కానీ ఎలాంటి ఇల్లు, సరైన డాక్ లేదు, తెరచాప కొయ్యలకి కలప లేదు, తాళ్ళు లేవు, ఓడ దెబ్బతింటే నెలలు నెలలు పట్టేది. గవర్నర్‌గా కూర్చున్న డెకాన్‌కీ వీడికీ పడేది కాదు పైగా.

ఇక్కడ ఒక సంగతి చెప్పకపోతే లినువా నీకు అర్థం కాడు. 1804 ఫిబ్రవరి, మలయా దగ్గర పులో ఔరా అనే దీవి. చైనా నుంచి టీ, పట్టు వేసుకుని ఈస్టిండియా కంపెనీ ఓడలు వస్తున్నాయి, ఇండియామెన్ అనే పెద్ద సరుకు ఓడలే 16, వాటితో పాటు ఇంకా చిన్నవి. సరుకు విలువ 80 లక్షల పౌన్లు అంటారు, ఆ రోజుల్లో. కాపలాగా ఒక్క యుద్ధనౌక కూడా లేదు. వాటి పెద్ద నథానియెల్ డాన్స్ ఏం చేశాడంటే, కొన్ని ఓడలకి నేవీ జెండా ఎగరేయించాడు, ఇవి యుద్ధనౌకలే అన్నట్టు వరసగా నిలబెట్టాడు, రాత్రంతా పారిపోకుండా అక్కడే ఉన్నాడు. లినువా నమ్మేశాడు. పొద్దున కాసేపు కాల్చుకున్నాక మారెంగో వెనక్కి తిరిగి పారిపోతుంటే, టీ ఓడలు 2 గంటల సేపు దాన్ని తరిమాయి రా! యుద్ధనౌకని సరుకు ఓడలు తరమడం. నెపోలియన్‌కి ఒళ్ళు మండిపోయింది. డాన్స్‌కి ఇంగ్లండ్‌లో నైట్ బిరుదు (సర్) ఇచ్చారు.

కానీ లినువాని పిరికివాడు అంటే నేను ఒప్పుకోను. 1801లో స్పెయిన్‌లో అల్హెసిరాస్ దగ్గర తన దగ్గర చిన్న దళమే ఉన్నా ఇంగ్లీషు వాళ్ళని నిలబెట్టి కొట్టి, హానిబల్ అనే వాళ్ళ 74నే పట్టుకున్నాడు. అలాంటోడే మూడేళ్ళకి టీ ఓడల్ని చూసి తిరిగిపోయాడు. నాకు అర్థమైంది ఏంటంటే, ఇల్లు దూరం, రిపేర్ చేసుకునే చోటు లేదు, ఒక్క పెద్ద దెబ్బ తగిలితే ఓడ పోయినట్టే, అందుకే ప్రతి చోటా సగం ధైర్యంతో ఆడాడు. మన ఊరి ముందు కూడా అదే, ఇసుక అడుగు తగులుతుందేమోనని.

1805 మేలో మళ్ళీ బయల్దేరాడు, తోడుగా బెల్ పూల్ అనే ఫ్రిగేట్. సిలోన్ దగ్గర జులైలో బ్రన్‌స్విక్ అనే పెద్ద కంపెనీ ఓడని పట్టుకున్నాడు. ఆగస్టులో బ్లెన్‌హైమ్ అనే ఇంగ్లీషు యుద్ధనౌక కాపలా ఉన్న ఓడల గుంపు ఎదురైతే కొంచెం కాల్చి వదిలేశాడు. ఆ తర్వాత దక్షిణాఫ్రికాలో కేప్ ఆఫ్ గుడ్ హోప్ వైపు వెళ్తే దురదృష్టం వెంటపడింది, పట్టుకున్న బ్రన్‌స్విక్ అక్కడ ఒడ్డుకి కొట్టుకుని పగిలిపోయింది, తర్వాత అట్లాంట్ కూడా అలాగే పోయింది, మన ఊరికి వచ్చిన ఆ ఫ్రిగేటే. 1806 జనవరిలో కేప్‌ని కూడా ఇంగ్లీషు వాళ్ళు తీసేసుకున్నారు. ఇక ఎక్కడికీ వెళ్ళడానికి లేదు, నీళ్ళు, తిండి తగ్గిపోతున్నాయి, అప్పుడు ఫ్రాన్స్ వైపు తిప్పాడు.

1806 మార్చి 13. అట్లాంటిక్‌లో తెల్లవారుజాము చీకటి. దూరంగా ఓడల నీడలు. లినువా అవి సరుకు ఓడలు అన్నాడు. బెల్ పూల్ కెప్టెన్ బ్రూయాక్ కాదు, యుద్ధనౌకల్లా ఉన్నాయి అన్నాడు. వినలేదు. రెండేళ్ళ కిందట సరుకు ఓడల్ని చూసి యుద్ధనౌకలు అనుకున్నాడు కదా, ఆ సిగ్గు లోపల ఉందేమో, ఈసారి యుద్ధనౌకల్ని చూసి సరుకు ఓడలు అనుకున్నాడు. దగ్గరికి వెళ్తే చీకట్లోంచి బయటికి వచ్చింది లండన్, 98 ఫిరంగులు, మూడు వరసల ఓడ. వెనకాల అమెజాన్ ఫ్రిగేట్, ఇంకా వెనకాల వారెన్ అడ్మిరల్ దళం మొత్తం.

దాదాపు 5 గంటలు కొట్టుకున్నారు. పారిపోదామంటే లండన్ వదల్లేదు. లినువాకి గాయాలయ్యాయి, కెప్టెన్ వ్రిన్యోకి చెయ్యి పోయింది. మారెంగోలో 63 మంది పోయారు, 80 మందికి పైగా గాయపడ్డారు. మన ఊరి ముందు యుద్ధంలో మారెంగోలో పోయింది ఇద్దరే అని గుర్తు పెట్టుకుని ఆ నంబర్ మళ్ళీ చదువు. పొద్దెక్కేసరికి, వెనకాల మిగతా ఇంగ్లీషు ఓడలు కూడా వచ్చేస్తుంటే, జెండా దించేశారు. బెల్ పూల్ కూడా లొంగిపోయింది.

పట్టుకున్న ఓడకి ఆ తర్వాత ఏం జరిగేదో తెలుసా, అదొక పెద్ద తంతు. ముందు ఒక చిన్న బ్యాచ్‌ని ఎక్కించి నడిపించుకుని ఇంటికి తెస్తారు, ఫ్రెంచ్ జెండా మీద ఇంగ్లీషు జెండా కడతారు. ప్రైజ్ కోర్టులో ఇది న్యాయంగా పట్టుకున్నదే అని తీర్పు రావాలి. తర్వాత నేవీ కొలిచి, చూసి, లెక్క కట్టి కొనుక్కుంటుంది. ఆ డబ్బు పట్టుకున్నోళ్ళకి పంచుతారు. పైగా శత్రువు ఓడలో యుద్ధం మొదలైనప్పుడు ఎంత మంది ఉంటే తలకి 5 పౌన్లు చొప్పున విడిగా ఇచ్చేవాళ్ళు, చచ్చినోడికి కూడా లెక్కే. అప్పటి రూల్ ప్రకారం ప్రైజ్ సొమ్ము 8 భాగాలు చేసేవాళ్ళు, అందులో 3 భాగాలు కెప్టెన్‌వి, ఆ మూడులో ఒకటి పైన అడ్మిరల్‌కి పోతుంది, ఆఫీసర్లు, వాళ్ళ కిందవాళ్ళు పోగా, తాళ్ళు లాగిన, గుండ్లు మోసిన వందల మంది కలాసీలకీ సోల్జర్లకీ అందరికీ కలిపి 2 భాగాలు. మన పోర్టులో కలాసీల గోల చిన్నప్పటి నుంచీ చూసినవాణ్ణి, ఈ లెక్క చదివినప్పుడు నాకు రక్తం ఉడికింది.

బెల్ పూల్‌కి మంచి రోజులొచ్చాయి, ఇంగ్లీషు జెండా కింద ఏడ్రియాటిక్ సముద్రంలో ఏళ్ళ తరబడి తిరిగింది, దాని పాత దేశం ఓడల్నే పట్టుకుంది. మారెంగోకి ఆ రాత లేదు. పేరు మాత్రం మార్చలేదు. నెపోలియన్ గెలిచిన యుద్ధం పేరు ఇంగ్లండ్ రాజుగారి నేవీ లిస్టులో అలాగే ఉంచేశారు. కానీ యుద్ధానికి పంపలేదు. మూడేళ్ళు ఎండా వానా సముద్రం తిని, చివర్లో లండన్ గుండ్లు తిన్న ఒళ్ళు అది. 1809 నుంచి మీ పోర్ట్స్‌మత్‌లో జైలు ఓడ.

జైలు ఓడ అంటే ఏం చేస్తారంటే, తెరచాప కొయ్యలు కోసేస్తారు, ఫిరంగులు దించేస్తారు, ఫిరంగి బయటకి చూసే కిటికీలకి ఇనప కడ్డీలు బిగిస్తారు, పైన షెడ్లు వేస్తారు. గొలుసులతో కట్టేస్తే ఇక కదలదు. హార్బర్ లోపల వరసగా అలాంటివి నిలబెట్టేవాళ్ళు, వాటిలో చాలావరకు పట్టుకొచ్చిన ఓడలే. ఒక్కో దాంట్లో వందల మంది ఖైదీలు. రాత్రి కిటికీలు మూసేస్తే లోపల గాలి ఆడదు, ఊయల మంచాలు ఒకదాని పక్కన ఒకటి, ఆ డెక్ ఎత్తు నువ్వు విక్టరీలో చూశావ్ కదా, నిటారుగా నిలబడడానికి కూడా ఉండదు.

ఇప్పుడు ఆలోచించు. టూలాన్‌లో ఫ్రెంచ్ వడ్రంగులు తమ వాళ్ళ కోసం కట్టిన డెక్ అది. అదే డెక్ మీద ఫ్రెంచ్ కలాసీలు ఖైదీలుగా పడుకున్నారు. తల మీద దూలాలకి ఉన్న కొక్కేలు కూడా వాళ్ళ దేశంలో కొట్టినవే అయ్యుంటాయి.

ఆ ఖైదీలు ఇంకో పని చేసేవాళ్ళు, అది తెలిసిన రోజు నాకు నిద్ర పట్టలేదు. రేషన్‌లో వచ్చే మాంసం ఎముకలు పారెయ్యకుండా ఉడకబెట్టి, తెల్లగా అయ్యాక ఎండబెట్టి, సన్నటి పలకలు కోసి, వాటితో చిన్న చిన్న ఓడలు చేసేవాళ్ళు. ఆకు పక్కన ఆకు పేర్చినట్టు ఎముక పలకలు, చిన్న ఇత్తడి మేకులు, వెంట్రుకలతో తాళ్ళు. కొన్నిట్లో వెనకాల ఒక దారం లాగితే ఫిరంగులన్నీ ఒకేసారి లోపలికి వెళ్ళిపోతాయి. అమ్ముకుని ఆ డబ్బుతో రొట్టె, పొగాకు కొనుక్కునేవాళ్ళు. ఓడలోనే బందీ అయినవాడు కూర్చుని మళ్ళీ ఓడే చేస్తున్నాడు చూడు, వాడి చేతులకి అదే వచ్చు.

లినువాని కూడా వదల్లేదు, 1814 దాకా ఇంగ్లండ్‌లోనే ఖైదీ. మార్పిడిలో వెనక్కి తెచ్చుకోవచ్చు, నెపోలియనే వద్దన్నాడు. 1815తో యుద్ధాలన్నీ అయిపోయాయి, ఖైదీలు ఇళ్ళకి వెళ్ళారు, జైలు ఓడలతో పని లేదు. 1816లో మారెంగోని ముక్కలు చేసేశారు. 21 ఏళ్ళు బతికింది, సగం ఫ్రాన్స్‌కి, సగం ఇంగ్లండ్‌కి. విక్టరీని దాచుకున్నారు, పిల్లలకి టికెట్ పెట్టి చూపిస్తున్నారు, మంచిదే. దీని గురించి అక్కడ ఎవరూ నీకు చెప్పరు.

అందుకని ఒక పని చెయ్యరా. హార్బర్ పైకొసన పోర్చెస్టర్ కోట ఉంది, అందులో కూడా ఆ రోజుల్లో ఫ్రెంచ్ ఖైదీల్ని పెట్టారు. ఒక శనివారం బుడ్డోణ్ణి తీసుకుని అక్కడికి వెళ్ళు. గోడ దాటి నీళ్ళ వైపుకి వస్తే హార్బర్ మొత్తం పరుచుకుని కనపడుతుంది. ఆటు ఉన్నప్పుడు వెళ్ళు, బురద బయటపడుతుంది. ఫొటో తీసి పంపు, ఖాళీ నీళ్ళే పర్వాలేదు, నాకు అదే కావాలి. నేను లాంచీలోంచి డాల్ఫిన్స్ నోస్ ముందు నీళ్ళు తీసి పంపిస్తాను, సెప్టెంబర్ 15న పొద్దున్నే తీస్తాను. ఏదైనా మ్యూజియంలో ఎముకల ఓడ కనపడితే మాత్రం దగ్గరగా తియ్, ఆ తాళ్ళు కనపడేలా.

ఆవకాయ డబ్బా అమ్మ కట్టి పెట్టింది, మీ బావ వచ్చే నెల వస్తున్నాడు కదా, ఆయన చేతికిస్తాను.

నీ
రాజు